పదకొండు రోజుల మౌనం: సన్‌స్పాట్ సౌర వేధశాల మూసివేత – వదంతుల చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం:
అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో సన్‌స్పాట్ అనే చోట ఉన్న సౌర వేధశాల 2018 సెప్టెంబర్ 6న కారణం చెప్పకుండా మూతపడి, అదే నెల 17న తిరిగి తెరుచుకుంది. ఆ మధ్యకాలంలో పుట్టిన ఊహాగానాలను జనం అమాయకత్వానికి ఉదాహరణగా చూపి వదిలేయడం పరిపాటి అయింది. ఆ ఊహలు ఎందుకు పుట్టాయన్నదానికంటే అవి ఆ రూపాలే ఎందుకు ధరించాయన్నది చరిత్రకారులకు ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు ఆ ప్రాంతంలో 1945లోను, 1947లోను వెలువడిన అధికారిక ప్రకటనల చరిత్రలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అబద్ధపు ప్రకటన, అసంపూర్ణ ప్రకటన, మౌనం అనే మూడింటి ఫలితాల్లో ఉన్న తేడాను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సన్‌స్పాట్, సౌర వేధశాల, వదంతి, ట్రినిటీ, రోస్వెల్, అఫిడవిట్, అధికారిక మౌనం.

1. ఉపోద్ఘాతం

‘వదంతి’ సంస్కృతంలో బహువచన క్రియాపదం. ‘అంటున్నారు’ అని దాని అర్థం. అంటున్నది ఎవరో చెప్పవలసిన బాధ్యత ఆ పదానికి లేదు. తెలుగులోకి వచ్చి నామవాచకంగా స్థిరపడిన తరువాత కూడా దాని స్వభావం మారలేదు. వదంతికి కర్త దొరకడు, తేదీ దొరకదు, మూలప్రతి అసలే ఉండదు. అందుకే ఆధారాల పరంపర మీద నిలబడే చరిత్ర రచన చాలాకాలం దీనిని పక్కన పెట్టింది.

ఆ ధోరణిని ప్రశ్నించినవారిలో ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ ముఖ్యుడు. మొదటి ప్రపంచయుద్ధంలో స్వయంగా సైనికుడిగా పనిచేసిన ఆయన 1921లో యుద్ధకాలపు తప్పుడు వార్తలపై ఒక వ్యాసం ప్రచురించాడు. తప్పుడు వార్త వ్యాపించాలంటే దానికి అనువైన సామూహిక మనఃస్థితి ముందే సిద్ధమై ఉండాలన్నది ఆయన వాదం. 1947లో అమెరికన్ మనోవిజ్ఞానవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ వదంతుల మనస్తత్వంపై రాసిన పుస్తకంలో ఒక సూత్రం ప్రతిపాదించారు. విషయానికున్న ప్రాముఖ్యం, దానిని చుట్టుకున్న అస్పష్టత – ఈ రెండింటి గుణకారమే వదంతి తీవ్రత. రెంటిలో ఏ ఒక్కటి సున్నా అయినా వదంతి పుట్టదు. 1966లో తమోత్సు షిబుతాని మరో అడుగు ముందుకు వేసి, అధికారిక మార్గాల్లో సమాచారం అందనప్పుడు జనం కలిసి అప్పటికప్పుడు కూర్చుకునే వార్తే వదంతి అన్నాడు.

ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్‌ల సూత్రం వదంతి ఎంత బలంగా వీస్తుందో చెప్పగలదు గాని, ఏ దిక్కుగా వీస్తుందో చెప్పలేదు. ఒక వేధశాల హఠాత్తుగా మూతపడితే ఒకచోట నిధుల గోల్‌మాల్ అనుకుంటారు, మరొకచోట దయ్యం అనుకుంటారు. న్యూ మెక్సికోలో గ్రహాంతరవాసులు, గూఢచారులు అనుకున్నారు. ఈ ఎంపికను సూత్రం వివరించదు. దానికి స్థలచరిత్ర కావాలి.

2. కొండమీద సన్‌స్పాట్

న్యూ మెక్సికో దక్షిణభాగంలో సాక్రమెంటో పర్వతశ్రేణిపై, సుమారు 9,200 అడుగుల ఎత్తున సన్‌స్పాట్ ఉంది. పేరుకు అర్థం ‘సూర్యమచ్చ’. ఊరు అనడానికి అక్కడ వేధశాల, ఉద్యోగుల ఇళ్ళు, ఒక తపాలా కార్యాలయం తప్ప పెద్దగా ఏమీ లేవు. క్లౌడ్‌క్రాఫ్ట్ నుంచి అడవి మధ్యగా పైకి వచ్చే రాష్ట్ర రహదారి సంఖ్య 6563. సూర్యుడి వర్ణమండలాన్ని చూడడానికి శాస్త్రజ్ఞులు వాడే హైడ్రోజన్ ఆల్ఫా రేఖ తరంగదైర్ఘ్యం 6563 ఆంగ్‌స్ట్రాములు. రోడ్డుకు ఆ అంకె అక్కడినుంచే వచ్చింది.

వేధశాల చరిత్ర 1947లో మొదలవుతుంది. సూర్యుడిలో కలిగే మార్పులు భూమిపై రేడియో ప్రసారాలకు ఎలా అంతరాయం కలిగిస్తాయో తెలుసుకోవడం అమెరికా సైన్యానికి అవసరమైంది. వైమానిక దళం ధనసహాయంతో, హార్వర్డ్ ఖగోళశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ మెంజెల్ చొరవతో సాక్రమెంటో శిఖరం ఎంపికైంది. 1976లో బాధ్యత వైమానిక దళం నుంచి జాతీయ విజ్ఞానశాస్త్ర ఫౌండేషన్‌కు మారింది. అంటే ఈ సంస్థ పుట్టుకలోనే సైనిక ప్రయోజనం ఉంది. తరువాత అది పౌర సంస్థ అయినా, ఆ పుట్టుక స్థానికుల జ్ఞాపకంలోంచి పోలేదు.

అక్కడి ప్రధాన పరికరం 1969లో పూర్తయిన గోపురం. తరువాతి కాలంలో దానికి రిచర్డ్ డన్ పేరు పెట్టారు. నేలపైన 136 అడుగులు, నేలలోపల 228 అడుగులు. చూసేవారికి కనిపించేది తెల్లటి, కోసుగా ఉన్న, కిటికీలు లేని కట్టడం మాత్రమే. అసలు టెలిస్కోపులో ఎక్కువభాగం భూమిలో ఉంది. గాలి తీసేసిన నిలువు గొట్టంతోసహా 200 టన్నులకు పైగా బరువున్న ఆ యంత్రమంతా పైభాగంలో పాదరసంపై తేలే బేరింగునుంచి వేలాడుతూ తిరుగుతుంది. వేడెక్కిన గాలి కదలికవల్ల సూర్యబింబం చెదరకుండా ఉండడానికి గొట్టంలో గాలి తీసేశారు. నేలవేడికి దూరంగా వెలుగును పట్టడానికి గోపురం ఎత్తుగా కట్టారు. కారణం ఇంత సాదాసీదా అయినా, కిటికీలు లేని తెల్లగోపురమూ దానికింద పాతాళమంత గొయ్యీ కల్పనకు ఇచ్చే ఊతం తక్కువది కాదు.

పడమటికి చూస్తే తులరోసా లోయ. అక్కడే తెల్లటి జిప్సం ఇసుకదిబ్బలు, హాలోమన్ వైమానిక స్థావరం, వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగక్షేత్రం ఉన్నాయి. కొండమీద నిలబడినవాడికి అమెరికా ఆయుధ పరీక్షల చరిత్ర అంతా కాళ్ళకింద పరుచుకున్నట్టు ఉంటుంది.

3. రెండు పాత ప్రకటనలు

1945 జులై 16 తెల్లవారుజామున, అలమొగోర్డోకు వాయవ్యంగా సుమారు 100 కి.మీ. దూరంలో ప్రపంచంలో మొదటి అణుబాంబు పరీక్ష జరిగింది. ట్రినిటీ అని దాని సంకేతనామం. ఆ వెలుగు వందల కిలోమీటర్ల దూరానికి కనిపించింది. దాచడానికి వీలులేని సంఘటన అది. కాబట్టి ముందుగానే సిద్ధం చేసుకున్న ఒక ప్రకటనను అలమొగోర్డో స్థావరం అధిపతి పేరుమీద విడుదల చేశారు. మారుమూలనున్న మందుగుండు గిడ్డంగి ఒకటి పేలిందని, ప్రాణనష్టం లేదని దాని సారాంశం. గిడ్డంగిలోని వాయుగుండ్ల కారణంగా, వాతావరణాన్నిబట్టి కొందరు పౌరులను తాత్కాలికంగా ఇళ్ళు ఖాళీ చేయించవలసి రావచ్చునని కూడా అందులో చేర్చారు. పత్రికలు అలాగే అచ్చువేశాయి. ఆగస్టు 6న హిరోషిమా వార్తతో గాని అసలు సంగతి తెలియలేదు.

ఈ ప్రకటనను నేటి పరిశోధకులు ఒకటికి రెండుసార్లు చదవాలి. వదంతులను అరికట్టే సాధనంగా అది పూర్తిగా సఫలమైంది. కారణం చెప్పింది, నష్టం లేదని చెప్పింది, జనాన్ని ఖాళీ చేయించవలసివస్తే దానికి కూడా ముందుగానే కారణం సమకూర్చింది. అస్పష్టతను సున్నా చేసింది. మూల్యం మాత్రం రేడియోధార్మిక ధూళి కింద బతికిన తులరోసా లోయ కుటుంబాలు చెల్లించాయి. తమ తలమీద ఏమి పడుతోందో వారికి తెలియదు. అణుపరీక్షల బాధితుల పరిహారానికి 1990లో చేసిన చట్టంలో ట్రినిటీ చుట్టుపక్కలవారికి చోటు దక్కలేదు. స్థానికులు సంఘంగా ఏర్పడి ఏళ్ళ తరబడి పోరాడిన మీదట 2025లో గాని ఆ లోపం సవరణకు నోచుకోలేదు. 2018నాటికి, అంటే వేధశాల మూతపడేనాటికి, ఆ గాయం ఇంకా మానలేదు.

రెండవ ప్రకటన కథ వేరు. 1947 జులై 8న రోస్వెల్ సైనిక వైమానిక స్థావరం ఒక ‘ఎగిరే పళ్ళెం’ తమకు దొరికిందని పత్రికలకు చెప్పింది. కొద్ది గంటల్లోనే పైఅధికారులు అది వాతావరణ బెలూన్ మాత్రమేనని సవరించారు. విషయం అంతటితో చల్లారి, దాదాపు ముప్పై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1970ల చివర పాత సాక్షుల ఇంటర్వ్యూలతోను, 1980లో వెలువడిన ఒక పుస్తకంతోను అది మళ్ళీ లేచింది. చివరకు 1994లో వైమానిక దళం నివేదిక అసలు సంగతి బయటపెట్టింది. దొరికిన శకలాలు మోగల్ అనే రహస్య పథకానికి చెందినవి. సోవియట్ యూనియన్ అణుపరీక్ష జరిపితే ఆ శబ్దతరంగాలను ఎత్తైన గాలిపొరల్లో పసిగట్టడానికి న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం బెలూన్ల మాలలను ఎగరేసేది. ఎగరేసినది అలమొగోర్డోనుంచే.

కాబట్టి ‘వాతావరణ బెలూన్’ అన్నది పూర్తి అబద్ధం కాదు, నిజమూ కాదు. ప్రభుత్వం ఏదో దాచిందన్న అనుమానం సరైనది. దాచినది గ్రహాంతరవాసులను అన్న ముగింపు తప్పు. అనుమానం ఒప్పు, నిర్ధారణ తప్పు అనే ఈ జంట తరువాతి కథకు కూడా అచ్చు అయింది.

ఇక్కడ చెప్పుకోదగిన విడ్డూరం ఒకటుంది. సాక్రమెంటో శిఖరాన్ని ఎంపికచేసిన మెంజెల్, ఎగిరే పళ్ళేలన్నిటికీ సహజమైన కారణాలున్నాయని వాదిస్తూ 1953లో ఒక గ్రంథం రాశాడు. ఆయన 1976లో కన్నుమూశాడు. 1980లలో బయటపడిన ‘మెజెస్టిక్ 12’ అనే పత్రాల్లో, రోస్వెల్ రహస్యాన్ని కాపాడిన పన్నెండుమంది పెద్దల జాబితాలో ఆయన పేరు కనిపించింది. ఆ పత్రాలు బూటకమని ఎఫ్.బి.ఐ. తేల్చింది. అయినా నమ్మేవారికి అడ్డేమిటి? ఎగిరే పళ్ళేలు లేవని పుస్తకం రాయడమే వారి దృష్టిలో ఆయన రహస్య ఉద్యోగానికి రుజువు. సన్‌స్పాట్ స్థాపకుడిని ఈ కథాచక్రంలోకి లాగే పని 2018కి మూడు దశాబ్దాల ముందే పూర్తయింది.

4. సెప్టెంబర్ 6 నుంచి 17 వరకు

2018 నాటికి వేధశాల నిర్వహణ న్యూ మెక్సికో రాష్ట్ర విశ్వవిద్యాలయం నాయకత్వంలోని ఒక సమాఖ్య చేతిలో ఉంది. ప్రాంగణాన్ని చూసేది ఖగోళ పరిశోధనకోసం ఏర్పడిన విశ్వవిద్యాలయాల సంఘం. దాని పొడి అక్షరాలు కలిపితే ‘ఆరా’ అవుతుంది. ఆరా తీసినవారికి ఏమీ చెప్పని సంస్థకు తెలుగు చెవికి ఇలా వినిపించే పేరుండడం కేవలం కాకతాళీయం.

సెప్టెంబర్ 6 గురువారం సిబ్బందిని, అక్కడ నివసించేవారిని ఖాళీ చేయించారు. తపాలా కార్యాలయం కూడా మూతపడింది. ఎఫ్.బి.ఐ. అధికారులు ప్రాంగణంలో కనిపించారు. భద్రతకు సంబంధించిన సమస్య అని ఆరా చెప్పిందే తప్ప అది ఏమిటో చెప్పలేదు. ఎఫ్.బి.ఐ. నోరు విప్పలేదు.

ఈ దశలో ఓటెరో కౌంటీ షెరీఫ్ అలమొగోర్డో దినపత్రికతో చెప్పిన మాటలు మొత్తం కథను మలుపుతిప్పాయి. ఎఫ్.బి.ఐ. తమకు కూడా ఏమీ చెప్పడం లేదని, ఒక బ్లాక్‌హాక్ హెలికాప్టర్ కనిపించిందని, యాంటెనాల దగ్గర, టవర్ల మీద మనుషులు పనిచేస్తున్నారని ఆయన అన్నాడు. షెరీఫ్ ఆ కౌంటీలో ఎన్నికైన శాంతిభద్రతల అధికారి. దారినపోయేవాడు చెప్పివుంటే ఎవరూ పట్టించుకోరు. ఆయనే తనకు తెలియదన్నాడు. ఆ ఒక్క మాటతో అజ్ఞానానికే అధికారిక హోదా వచ్చింది. పైగా హెలికాప్టర్, యాంటెనా, టవర్ అనే మూడు వస్తువులు కథకులకు సిద్ధంగా దొరికాయి. తరువాతి రోజుల్లో దేశవిదేశాల పత్రికలు రాసిన వాటిలో చాలా భాగం ఈ మూడు వస్తువుల చుట్టూ అల్లినదే.

వార్త ప్రపంచమంతా పాకింది. సెప్టెంబర్ 16న ఆరా వివరణ ఇచ్చింది. ఆ ప్రదేశంలో జరిగిన నేరానికి సంబంధించిన దర్యాప్తుకు తాము సహకరిస్తున్నామని, అనుమానితుడివల్ల సిబ్బందికి, నివాసులకు ప్రమాదం ఉండవచ్చునన్న ఆందోళనతో ఖాళీ చేయించామని తెలిపింది. సమాచారం ఇవ్వకపోవడం కొందరికి ఆందోళన, విసుగు కలిగించిందని ఒప్పుకుంది. అయితే ముందే చెబితే అనుమానితుడు జాగ్రత్తపడి దర్యాప్తు దెబ్బతినేదని సమర్థించుకుంది. మర్నాడు తలుపులు తెరుచుకున్నాయి.

5. ఊహల్లో తరతమ భేదాలు

ఆ రోజుల్లో పుట్టిన ఊహలన్నిటినీ ఒకే గాటన కట్టడం పరిశోధన దృష్టితో సరికాదు. వాటి వెనుకనున్న తర్కం ఒక్క తీరుగా లేదు.

గూఢచర్యం ఊహ వాటన్నిటిలో బలమైనది. విదేశీ గూఢచర్యాన్ని దర్యాప్తు చేయడం ఎఫ్.బి.ఐ. విధుల్లో ఒకటి. వేధశాల కొండపైనుంచి క్షిపణి ప్రయోగక్షేత్రం వైపు అడ్డులేదు. షెరీఫ్ చెప్పిన యాంటెనాలు దీనికి అతికినట్టు సరిపోయాయి. ఎవరో పరాయి దేశంవారు కొండమీద పరికరం పెట్టి ప్రయోగక్షేత్రం సంకేతాలను దొంగిలించారన్న కథలో అసంభవం ఏదీ లేదు. తప్పని తరువాత తేలింది, అంతే. చేతిలోని ఆధారాలతో జాగ్రత్తగా చేసిన అనుమానం కూడా తప్పు కావచ్చు. పాదరసం ఒలికి ఉంటుందని కొందరు అనుకున్నారు. టెలిస్కోపు నిర్మాణం తెలిసినవారికే తట్టే ఆలోచన ఇది. ఖాళీ చేయించడాన్ని ఇది వివరిస్తుంది గాని ఎఫ్.బి.ఐ. రాకను వివరించదు.

సూర్యుడిపై ఏదో ఘోరం జరగబోతోందని, దానిని దాచడానికే వేధశాల మూశారని మరొక కథ. దీనికి తోడుగా, ప్రపంచంలోని మరికొన్ని వేధశాలలు కూడా అదేసమయంలో మూతపడ్డాయన్న ప్రచారం సాగింది. చాలావరకు అది కెమెరా ప్రసారాలు ఆగిపోవడాన్ని వేధశాల మూసివేతగా చదవడంవల్ల వచ్చిన పొరపాటు. ఈ కథలోని లోపం మాత్రం మరింత మౌలికమైనది. సూర్యుణ్ణి దాచడం ఒక కొండమీద తలుపు వేసినంత సులభం కాదు. అమెరికా జాతీయ సౌర వేధశాలే నడిపే గాంగ్ అనే పరికరాల వలయం ఆరుచోట్ల సూర్యుణ్ణి వంతులవారీగా, రాత్రి అన్నది లేకుండా చూస్తుంది. కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా, స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులు, చిలీలతోపాటు ఆ ఆరింటిలో ఒకటి మన ఉదయపూర్‌లో ఉంది. అంతరిక్షంలో 1995నుంచి సోహో, 2010నుంచి సౌరగతిక వేధశాల ఉపగ్రహం సూర్యుడి చిత్రాలు పంపుతూనే ఉన్నాయి. అవి అందరికీ అందుబాటులో ఉంటాయి. సన్‌స్పాట్ మూసి సూర్యుణ్ణి దాచాలనుకున్నవారు ఉదయపూర్‌నూ మూయాలి, ఆకాశాన్నీ మూయాలి. పైగా 2018లో సూర్యుడు 2019 డిసెంబరునాటి కనిష్ఠ దశవైపు దిగుతూ ఎంతో ప్రశాంతంగా ఉన్నాడు. సూర్యమచ్చే అరుదైన ఏడాదిలో ‘సూర్యమచ్చ’ అనే ఊరు వార్తలకెక్కడం కాలం ఆడిన పరిహాసం.

అయితే ఈ కథను నమ్మినవారికి ఒక విషయంలో సానుభూతి చూపక తప్పదు. టెలిస్కోపు అంటే ఎవరో ఒక్కరు కన్నుపెట్టి చూసే గొట్టం అన్న బొమ్మ బడి పుస్తకాలనుంచి అందరి మనసుల్లో ఉంది. నేటి ఖగోళశాస్త్రం వలయాలుగా, సమాచార ప్రవాహాలుగా మారిన సంగతి ఆ బొమ్మలో లేదు. విజ్ఞానశాస్త్రం తన పని ఎలా జరుగుతుందో చెప్పకుండా, తేల్చిన ఫలితాలనే చెబుతూ వచ్చిన లోటు ఇక్కడ బయటపడింది.

గ్రహాంతరవాసుల కథకు ఆధారం అంటూ ఏదీ అక్కర్లేకపోయింది. రోస్వెల్ రెండు గంటల ప్రయాణ దూరంలో ఉంది. మిగిలినది జ్ఞాపకం పూర్తి చేసింది.

6. అఫిడవిట్ అనే ఆధారం

వేధశాల తెరిచిన రెండుమూడు రోజుల్లో, సెర్చి వారంటు కోసం ఎఫ్.బి.ఐ. అధికారి కోర్టుకు సమర్పించిన అఫిడవిట్ బహిర్గతమైంది. పిల్లల లైంగిక దోపిడీకి సంబంధించిన దృశ్యాలను ఎవరో వేధశాల వైర్‌లెస్ ఇంటర్నెట్ ద్వారా దింపుకుంటూ, పంచుతూ ఉన్నారని 2018 జులైలో ఎఫ్.బి.ఐ. దృష్టికి వచ్చింది. ప్రాంగణంలో దొరికిన ఒక లాప్‌టాప్‌ను స్వాధీనం చేసుకున్నారు. అనుమానం అక్కడ శుభ్రపరిచే పని చేసే ఒక వ్యక్తిపైకి మళ్ళింది. లాప్‌టాప్ కనిపించకపోయేసరికి అతని ప్రవర్తన, మాటలు సిబ్బందిని భయపెట్టాయి.

అఫిడవిట్‌లోని ఒక వివరాన్ని ఆనాటి వార్తాకథనాలు పైపైన చెప్పి వదిలేశాయి. మూసివేయాలన్న నిర్ణయం ఎఫ్.బి.ఐ.ది కాదు. ఎఫ్.బి.ఐ. ప్రమేయం లేకుండా వేధశాల యాజమాన్యమే ఆ నిర్ణయం తీసుకుంది. పదకొండు రోజులపాటు ప్రచారమైన కథలన్నిటికీ నాయకపాత్ర ఎఫ్.బి.ఐ. నల్లకోట్లవారు వచ్చారు, తలుపులు మూశారు అన్నది ప్రతి కథకూ మొదటి వాక్యం. ఆ మొదటి వాక్యమే తప్పు. ఒక పనివాడి తీరుకు భయపడిన కొద్దిమంది ఉద్యోగుల క్షేమంకోసం వారి పైవారు తీసుకున్న జాగ్రత్త చర్య, దూరంనుంచి చూసినవారికి మహాశక్తి ఒకటి దిగివచ్చి చేసిన పనిగా కనిపించింది. వదంతి సాధారణంగా సంఘటనను పెద్దది చేస్తుందంటారు. ఇక్కడ అది కర్తనే మార్చింది.

అఫిడవిట్ కూడా కప్పిపుచ్చడానికి అల్లినదేనని వాదించేవారు లేకపోలేదు. ఆ వాదాన్ని నవ్వి తోసిపుచ్చడంకంటే పరీక్షించడం మేలు. కప్పిపుచ్చే కథ ఎలా ఉంటుందో 1945 చూపింది. అది ముందే సిద్ధంగా ఉంటుంది, సంఘటన వెంటనే వస్తుంది, అడగబోయే ప్రశ్నలకు ముందుగానే జవాబిస్తుంది. 2018లో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. దాచదలచినవాడు పదకొండు రోజులు నోరు మూసుకుని, ప్రపంచమంతటి చూపునూ తనవైపు తిప్పుకుని, ఆ తరువాత కథ చెప్పడు. సిద్ధం చేసిన కథ లేకపోవడమే ఆ మౌనం వెనుక కుట్ర లేదనడానికి బలమైన సూచన.

అలాగని అఫిడవిట్‌ను తుది సత్యంగా తీసుకోవడం కూడా పొరపాటే. అది వారంటు సంపాదించడానికి ఒకవైపునుంచి రాసిన పత్రం. అందులో ఉన్నది అనుమానానికి తగిన ఆధారమే గాని నేరనిర్ధారణ కాదు. అది బయటపడినప్పటికి ఆ వ్యక్తిపై అభియోగం నమోదు కాలేదు. అయినా అతని పేరు అచ్చయింది. గ్రహాంతరవాసుల కోసం వెతికిన కుతూహలం అంతా ఒక్కసారిగా ఒక మనిషిమీద పడింది. వదంతి ఖరీదు అందరికీ సమానంగా పడదని చెప్పడానికి ఇది చాలు. గ్రహాంతరవాసులకు పరువునష్టం ఉండదు. చరిత్ర రచనకు ఆ పేరుతో పనిలేదు. ‘అనుమానితుడు’ అన్న మాట చాలు.

ఆరా మౌనం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ఈ పత్రం తరువాత జవాబు కొంత తేలిక అవుతుంది. పిల్లల భద్రతకు సంబంధించిన దర్యాప్తు సాగుతుండగా వివరాలు చెప్పకపోవడం సరైనదే. కాని ‘ఇది ఒక వ్యక్తికి సంబంధించిన స్థానిక నేరవిషయం, సూర్యుడికీ, పరిశోధనకూ, ప్రజారోగ్యానికీ సంబంధం లేదు’ అన్నంత మాట చెప్పడానికి వీలు లేకపోయిందా? ఆ మాటే అనుమానితుణ్ణి హెచ్చరించేదని ఆరా వాదం. అతను అప్పటికే లాప్‌టాప్ పోయిందని గ్రహించి కలవరపడ్డాడని అదే అఫిడవిట్ చెబుతోంది. కాబట్టి ఆ వాదం బలం కొంత తగ్గుతుంది. తులరోసా లోయలో ‘తాత్కాలికంగా ఖాళీ చేయించడం’ అన్న మాటకు 1945నుంచి ఒక చరిత్ర ఉంది. ఆ మాట వాడేవారు ఆ చరిత్ర తెలిసి వాడవలసింది.

7. ఎవరూ ఊహించని మూసివేత

సన్‌స్పాట్‌కు నిజంగా ముప్పుగా పరిణమించిన మూసివేత ఒకటి అంతకుముందునుంచే నడుస్తోంది. హవాయిలోని మావీ దీవిలో హలెయకలా శిఖరంపై నాలుగు మీటర్ల అద్దంతో కొత్త సౌర టెలిస్కోపు నిర్మాణం మొదలైన తరువాత, పాతవాటిని పోషించే స్తోమత జాతీయ విజ్ఞానశాస్త్ర ఫౌండేషన్‌కు లేకపోయింది. 2012నాటి సమీక్షా సంఘం పాత సదుపాయాల భారం క్రమంగా దించుకోవాలని సలహా ఇచ్చింది. జాతీయ సౌర వేధశాల కార్యాలయం కొలరాడోలోని బౌల్డర్‌కు తరలిపోయింది. ఒకప్పుడు వైమానిక దళం కట్టిన ఇళ్ళలో సంసారాలు చేసిన శాస్త్రజ్ఞులు, సాంకేతిక సిబ్బంది వెళ్ళిపోయారు. మిగిలినవారితో, తగ్గిన నిధులతో విశ్వవిద్యాలయ సమాఖ్య డన్ టెలిస్కోపును నడపడానికి పూనుకుంది.

ఈ క్రమంలో రహస్యం ఏదీ లేదు. అంతా నివేదికల రూపంలో ఉంది. అందుకే కావచ్చు, ప్రాముఖ్యం ఎంత ఉన్నా అస్పష్టత లేకపోవడంతో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్‌ల గుణకారం సున్నా దగ్గర ఆగింది. ఏడు దశాబ్దాల సంస్థ కొద్దికొద్దిగా ఖాళీ అవుతున్నప్పుడు రాని విలేఖరులు, పదకొండు రోజులు తలుపు వేస్తే వచ్చారు. తిరిగి తెరిచేటప్పుడు, ఈ ప్రచారంవల్ల మామూలుకంటే ఎక్కువమంది సందర్శకులు రావచ్చునని ఆరా తాత్కాలికంగా ప్రైవేటు కాపలా ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

భవిష్యత్తులో సన్‌స్పాట్ చరిత్ర రాయబోయే పరిశోధకులకు 2018 సెప్టెంబరుపై వార్తలు గుట్టలుగా దొరుకుతాయి. ఆ ఊరు ఖాళీ అయిన ఏళ్ళపై దొరికేది ప్రధానంగా ఒక పర్యావరణ సమీక్ష. జాతీయ విజ్ఞానశాస్త్ర ఫౌండేషన్ 2016లో దానిని ప్రారంభించి ప్రజాభిప్రాయం కోరింది. తక్కువ నిధులతో ఇతరులకు అప్పగించి నడపడం, తాళం వేసి ఉంచడం, చివరకు కట్టడాలను కూల్చివేయడం – ఇవన్నీ అందులో ప్రత్యామ్నాయాలుగా పేర్కొన్నారు. ఆ పత్రాలు ఎవరైనా అడిగి తీసుకుని చదవగలిగినవే.